ఎస్‌డీ-బస్ కనెక్షన్: పేరు పెట్టనివ్వదు, కొన్ని ఊళ్ల పేర్లకు మాత్రం తెగిపోతుంది

కాటా_గుణుపూర్

గుణుపూర్ పక్కన వడ్ల మిల్లు కాటాకు చిన్న లినక్స్ బోర్డు ఒకటి పెట్టాం. డెబియన్ 12, సిస్టమ్‌డీ 252, బస్సు (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే దారి, డీ-బస్) నడిపేది డీబస్-డీమన్. ఇండికేటర్ ఆర్ఎస్-232 మీద బరువు పంపుతుంది. సీలో రాసిన ప్రోగ్రామ్ దాన్ని చదివి, సిస్టమ్‌డీతో వచ్చే ఎస్‌డీ-బస్ లైబ్రరీ ద్వారా సిస్టమ్ బస్ (బోర్డంతటికీ ఒకటే ఉండే బస్సు) మీద ఒక సిగ్నల్ (వినేవాళ్లందరికీ వెళ్లే సందేశం) వేస్తుంది. అందులో లారీ నంబరు, బయల్దేరిన ఊరు, బరువు ఉంటాయి. గదిలో తెర మీద చూపే ప్రోగ్రామ్ ఒకటి, చీటీ కొట్టే ప్రోగ్రామ్ ఒకటి, వేరే యూజర్ కింద నడుస్తూ ఆ సిగ్నల్ వింటాయి. తెర ప్రోగ్రామ్ కాటాను సున్నా చేయడానికి ఆ సీ ప్రోగ్రామ్‌లోని ఒక మెథడ్ (బయటివాళ్లు బస్సు మీదుగా పిలవగల పని) కూడా పిలుస్తుంది.

చిక్కులివి:

ఎస్‌డీ_బస్_ఓపెన్_సిస్టమ్ అయ్యాక ఎస్‌డీ_బస్_సెట్_డిస్క్రిప్షన్ పిలిస్తే -ఈపెర్మ్ (1) వస్తోంది. రూట్‌గా నడిపినా అంతే.

చేత్తో నడిపితే బాగానే ఉంది గానీ, బ్యాక్‌గ్రౌండ్‌కు పంపే ఆప్షన్ ఇస్తే ప్రతి పిలుపూ -ఈచైల్డ్ (10).

సున్నా చేసే మెథడ్ యూజర్ బస్ (ఒక్కో యూజర్‌కు వేరుగా ఉండే బస్సు) మీద పరీక్షించినప్పుడు పనిచేసింది. సిస్టమ్ బస్ మీద "యాక్సెస్ డినైడ్". సెట్_ట్రస్టెడ్ అని ఒకటి కనబడింది, అది పెట్టేస్తే సరిపోతుందా?

అన్నిటికన్నా వింతది చివర. రాయగడ, జయపురం నుంచి వచ్చిన లారీలకు ఏ ఇబ్బందీ లేదు. ఊరి గడిలో గుణుపూర్ అనో పర్లాకిమిడి అనో పడితే చాలు, సిగ్నల్ పంపిన పిలుపు బాగానే తిరిగొస్తుంది, ఆ తరువాత ఎస్‌డీ_బస్_ప్రాసెస్ -ఈకాన్‌రీసెట్ (104) అంటుంది, ఇక ఏది పంపినా -ఈనాట్‌కాన్ (107). ఊరు రాసుకునే బఫర్ 20 బైట్లు. స్ట్రెన్‌కాపీతో 19 బైట్లు తెచ్చి, చివర సున్నా పెడుతున్నాను కాబట్టి బఫర్ పొంగడం లేదు.

నాగావళి

మొదటి రెండిటికీ మూలం ఒక్కటే: ఏ పని ఎప్పుడు చేయాలన్న వరుస.

ఓపెన్_సిస్టమ్ అనేది కనెక్షన్ వస్తువును పుట్టించడమే కాదు, స్టార్ట్ కూడా చేసేస్తుంది. డిస్క్రిప్షన్ లాంటి సెట్టింగులు స్టార్ట్ కాకముందే పెట్టాలి, తరువాత పెడితే -ఈపెర్మ్. ఈ ఈపెర్మ్‌కూ రూట్ హక్కులకూ సంబంధం లేదు, "టైము దాటిపోయింది" అని దాని భావం. పేరు ఒక్కటే కావాలంటే ఓపెన్_సిస్టమ్_విత్_డిస్క్రిప్షన్ వాడండి. 239వ వెర్షన్ నుంచి ఉంది, మీ 252లో ఉంటుంది. పేరు పెట్టడం వల్ల లాభం చిన్నదే గానీ రోజూ పనికొస్తుంది: లైబ్రరీ తన లాగ్ లైన్లలో కనెక్షన్‌ను ఆ పేరుతోనే పిలుస్తుంది. లేకపోతే ఒకే ప్రోగ్రామ్‌లో రెండు కనెక్షన్లు ఉన్నప్పుడు ఏది తెగిందో పోల్చుకోలేరు.

ఇంకా సెట్టింగులు కావాలంటే చేత్తో కట్టాలి. ఎస్‌డీ_బస్_ అన్న ముందుభాగం అన్నిటికీ ఉంటుంది కాబట్టి ఇక్కడి నుంచి వదిలేస్తున్నాను. వరుస: న్యూ, సెట్_డిస్క్రిప్షన్, సెట్_అడ్రస్, సెట్_బస్_క్లయింట్ 1, చివరికి స్టార్ట్. బస్_క్లయింట్ మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. అది లేకపోతే లైబ్రరీ అవతలివైపు బస్సు కాదు, నేరుగా ఇంకో ప్రోగ్రామే అనుకుని హలో (బస్సులో చేరేటప్పుడు పంపే మొదటి సందేశం) పంపదు. హలో చెప్పని వాడి మాట డీబస్-డీమన్ వినదు.

వాచ్_బైండ్ (బస్సు సాకెట్ ఇంకా లేకపోతే అది పుట్టేదాకా కాచుకునేది), కనెక్టెడ్_సిగ్నల్, ట్రస్టెడ్ కూడా స్టార్ట్‌కు ముందువే. మెథడ్_కాల్_టైమవుట్, అలౌ_ఇంటరాక్టివ్_ఆథరైజేషన్, ఎగ్జిట్_ఆన్_డిస్‌కనెక్ట్ మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇంటరాక్టివ్ అన్నది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. పాస్‌వర్డ్ అడగడానికి ముందు మనిషి లేని బోర్డు మీద దాన్ని అలాగే వదిలేయండి.

చేత్తో కట్టిన కనెక్షన్‌తో ఒక చిన్న తేడా ఉంది. అది సిస్టమ్ బస్ సాకెట్‌కే వెళ్లినా, గెట్_స్కోప్ అడిగితే "సిస్టమ్" అని రాదు, -ఈనోడేటా వస్తుంది. అడ్రస్ చూసి లైబ్రరీ ఊహించదు, ఓపెన్_సిస్టమ్ ద్వారా వస్తేనే ఆ ముద్ర పడుతుంది.

ఇక ఈచైల్డ్. బస్ తెరిచాక డీమన్ ఫంక్షన్ పిలుస్తున్నారు, అది లోపల ఫోర్క్ చేస్తుంది, అంటే ప్రాసెస్‌కు నకలుగా పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. కనెక్షన్ ఏ ప్రాసెస్‌లో పుట్టిందో లైబ్రరీకి గుర్తుంటుంది, పిల్ల ప్రాసెస్‌లో దాన్ని ముట్టుకుంటే -ఈచైల్డ్. ఫోర్క్ ముందు, బస్ తరువాత అని సరిచేసుకోవచ్చు. నన్నడిగితే ఆ ఆప్షనే తీసేయండి. సిస్టమ్‌డీ యూనిట్ ఉండగా బ్యాక్‌గ్రౌండ్‌కు మనం వెళ్లడం దేనికి? టైప్=డీబస్, బస్‌నేమ్= అని మీ పేరు రాస్తే, పేరు బస్సు మీద దక్కాకే సర్వీసు లేచినట్టు లెక్క.

కాటా_గుణుపూర్

నాగావళి గారూ, డీమన్ పిలుపు తీసేశాను, ఈచైల్డ్ పోయింది. పేరు కూడా పడింది. కనెక్షన్ నిజంగా సిద్ధమైందని ఎలా అడగాలి? ఈజ్_ఓపెన్ 1 ఇచ్చిన వెంటనే గెట్_యూనిక్_నేమ్ పిలిస్తే ఒక్కోసారి కాసేపు అక్కడే నిలబడిపోతోంది.

నాగావళి

ఈజ్_ఓపెన్ అంటే మూతపడలేదు అని మాత్రమే. ఆథెంటికేషన్ నడుస్తున్నా, హలోకు జవాబు రాకపోయినా అది 1 ఇస్తుంది. ఈజ్_రెడీ 1 ఇస్తేనే అంతా అయినట్టు. యూనిక్ పేరు, అంటే :1.42 లాంటిది, హలోకు జవాబుగా బస్సు ఇచ్చేది. కాబట్టి గెట్_యూనిక్_నేమ్ అడిగితే ఆ జవాబు వచ్చేదాకా లోపలే కాచుకుంటుంది. గెట్_బస్_ఐడీ కూడా అంతే. పేరుకు "గెట్" అయినా ఇవి ఆగిపోగల పిలుపులు. సీరియల్ పోర్టు కూడా చూసుకునే లూప్‌లో పెట్టొద్దు. కనెక్టెడ్_సిగ్నల్ ఆన్ చేసి, ఆర్గ్.ఫ్రీడెస్క్‌టాప్.డీబస్.లోకల్ నుంచి కనెక్టెడ్ అన్న సిగ్నల్ వచ్చాక అడగండి. ఈ సిగ్నల్ బస్సు నుంచి రాదు, లైబ్రరీ తనకు తానే పుట్టిస్తుంది.

గెట్_డిస్క్రిప్షన్, గెట్_అడ్రస్, గెట్_మెథడ్_కాల్_టైమవుట్ మాత్రం చేతిలో ఉన్న విలువ చూపిస్తాయంతే, ఆగవు.

మహేంద్రగిరి

మూడోది నేను చెబుతాను. ట్రస్టెడ్ పెట్టొద్దు బాబూ. అది పెడితే బస్సు మీద ఉన్న ప్రతి ఒక్కరికీ మీ మెథడ్లన్నీ తెరిచేసినట్టే.

యూజర్ బస్ మీద ఎందుకు పనిచేసిందో చూడండి. ఓపెన్_యూజర్ తనంతట తానే ట్రస్టెడ్ పెడుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్లంతా ఒకే యూజర్. ఓపెన్_సిస్టమ్ పెట్టదు. అందుకే ల్యాప్‌టాప్ మీద యూజర్ బస్‌లో పరీక్షించి పంపినవి బోర్డు మీద ఆగిపోతుంటాయి.

"యాక్సెస్ డినైడ్" అన్న మాట ఒకటే అయినా, అనేవాళ్లు ఇద్దరు. ఎర్రర్ పేరుతో ఆగకుండా సందేశం మొత్తం చదవండి. "రిజెక్టెడ్ సెండ్ మెసేజ్" అని మొదలైతే అది డీబస్-డీమన్ మాట, పిలుపు మీ ప్రోగ్రామ్ దాకా రానేలేదు. "యాక్సెస్ టు ఫలానా నాట్ పర్మిటెడ్" అని ఉంటే పిలుపు చేరింది, మీలో ఉన్న ఎస్‌డీ-బస్సే వెనక్కి పంపింది.

మొదటిదైతే మందు పాలసీ ఫైల్. /ఈటీసీ/డీబస్-1/సిస్టమ్.డీ కింద .కాన్ఫ్ ఫైల్ పెట్టి, మీ సర్వీసు నడిచే యూజర్‌కు ఆ పేరు సొంతం చేసుకునే అనుమతి, తెర ప్రోగ్రామ్ యూజర్‌కు ఆ పేరుకు పంపే అనుమతి రాయాలి. మామూలు సిస్టమ్ పాలసీలో సిగ్నళ్లు వేయడానికి అడ్డు లేదు, మెథడ్ పిలుపులకు ఉంది. మీ సిగ్నల్ తెర మీద పడుతూ సున్నా బటన్ మాత్రం పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఫైల్ మార్చాక డీబస్‌ను రీలోడ్ చేయండి. రీస్టార్ట్ చేశారంటే బస్సు మీద ఉన్న ప్రతి కనెక్షనూ తెగుతుంది.

రెండోదైతే వీటేబుల్‌లో (మీ ప్రోగ్రామ్ ఇచ్చే మెథడ్ల పట్టికలో) ఆ మెథడ్ ఫ్లాగ్ దగ్గర ఎస్‌డీ_బస్_వీటేబుల్_అన్‌ప్రివిలేజ్డ్ అని పెట్టాలి. అది లేని మెథడ్‌ను రూటో, మీ సర్వీసు యూజరో, తగిన క్యాపబిలిటీ (రూట్ హక్కుల్లో ఒక ముక్క) ఉన్నవాళ్లో మాత్రమే పిలవగలరు. మీకు బహుశా రెండూ కావాలి: మొదటిది సరిచేయగానే రెండోది బయటపడుతుంది.

అన్‌ప్రివిలేజ్డ్ పెట్టాక కాపలా మీదే. కాటా సున్నా చేయడం అంటే డబ్బుతో పని. హ్యాండ్లర్ మొదట్లోనే ఎస్‌డీ_బస్_క్వెరీ_సెండర్_క్రెడ్స్‌తో పిలిచినవాడి ఈయూఐడీ (ఏ యూజరో చెప్పే నంబరు) తెచ్చుకుని, తెర యూజర్‌ది కాకపోతే తిప్పి పంపండి.

వంశధార

నాలుగోది బస్సు జబ్బు కాదు, అక్షరాల లెక్క.

డీ-బస్‌లో 's' రకం స్ట్రింగ్ కచ్చితంగా సరైన యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అయ్యుండాలి. తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక గుర్తుకు ఇచ్చిన నంబరు) ఒక్కోటి 3 బైట్లు. గుడి, కొమ్ము, సున్న, పొల్లు అన్నీ విడివిడి కోడ్‌పాయింట్లే, వాటికీ మూడేసి. ఇప్పుడు లెక్కేయండి:

రాయగడ: ర, ఆ గుర్తు, య, గ, డ. అయిదు, 15 బైట్లు. పట్టింది.
జయపురం: ఆరు, 18 బైట్లు. పట్టింది.
గుణుపూర్: గ, కొమ్ము, ణ, కొమ్ము, ప, దీర్ఘం, ర, పొల్లు. ఎనిమిది, 24 బైట్లు.
పర్లాకిమిడి: పదకొండు, 33 బైట్లు.

మీరు 19 దగ్గర కోస్తున్నారు. 18 బైట్లకు ఆరు కోడ్‌పాయింట్లు నిండుగా వస్తాయి, పందొమ్మిదో బైటు ఏడో దాని మొదటి ముక్క. ఆ ముక్క ఒంటరిగా మిగిలి స్ట్రింగ్ చెడిపోతుంది. ఎస్‌డీ-బస్ అపెండ్ చేసేటప్పుడు ఇది చూడదు, అందుకే పంపిన పిలుపు మీకు విజయం చెప్పింది. డీబస్-డీమన్ చూస్తుంది. చెడ్డ సందేశం వస్తే ఎర్రర్ జవాబు కూడా ఇవ్వదు, సాకెట్టే మూసేస్తుంది. అదే మీ 104. ఆ పైన పంపబోయినవన్నీ 107.

నమ్మకం కుదరకపోతే ఎస్‌ట్రేస్‌ను (ప్రోగ్రామ్ కెర్నెల్‌కు చేసే పిలుపులు చూపే పనిముట్టును) సెండ్‌మెసేజ్ పిలుపులకు మాత్రం కట్టి చూడండి. తెలుగు బైట్లు \340\260 లేదా \340\261 అని మొదలై మూడేసి వస్తుంటాయి. గుణుపూర్ లారీకి ఊరి పేరు చివర ఒక \340 ఒక్కటే మిగిలి, దాని వెనకే \0 కనబడుతుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, బఫర్ 16 ఉండి ఉంటే ఇది బయటపడేదే కాదు. 15 మూడుతో భాగమవుతుంది, ఒట్టి తెలుగు పేర్లు ఎక్కడ కోసినా సరిగ్గా అంచు మీదే తెగేవి. మధ్యలో ఒక ఖాళీయో అంకెయో వచ్చిన రోజున పట్టుబడేది.

కోయాల్సి వస్తే ఇలా: పొడవు 19 దాటితే n=19 నుంచి మొదలుపెట్టి, n దగ్గరి బైటును 0xసీ0తో యాండ్ చేస్తే 0x80 వచ్చినంతసేపూ n తగ్గించండి, ఆగిన చోట సున్నా పెట్టండి. బస్సుకు అది చాలు, చదివేవాడికి చాలదు. గుణుపూర్ "గుణుపూ" అవుతుంది, పర్లాకిమిడి "పర్లాక" అవుతుంది. చీటీ మీద అది ఊరు కాదు. బఫర్‌నే 64 చేయండి, ఈ కోత ఆఖరి అడ్డుగా ఉండనివ్వండి. ఇండికేటర్ నుంచి వచ్చే ముడి బైట్లను మాత్రం 's'లో పెట్టకండి. సీరియల్ తీగ మీద చెత్త వస్తే 0x7ఎఫ్ దాటిన బైట్లు వస్తాయి, మళ్లీ ఇదే గోల. అంకెగా మార్చి 'd' గానో, ముడిగానే కావాలంటే 'ay' గానో పంపండి.

మహేంద్రగిరి

వంశధార గారి లెక్క బాగుంది. దానికో మాట కలుపుతాను. కనెక్షన్ తెగాక ప్రోగ్రామ్ బతికే ఉండి బరువులు గాలిలోకి పంపడం అసలు ప్రమాదం. ఎగ్జిట్_ఆన్_డిస్‌కనెక్ట్ 1 పెట్టండి: తెగితే ప్రాసెస్ వైఫల్యం కోడ్‌తో బయటికి పోతుంది, యూనిట్‌లో రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ ఉంటే సిస్టమ్‌డీ మళ్లీ లేపుతుంది. పాత లిబ్‌డీబస్ అలవాటున్నవాళ్లు ఇక్కడ తడబడతారు. అందులో డీబస్_బస్_గెట్‌తో తెచ్చుకున్న కనెక్షన్‌కు ఇది ముందే ఆన్‌లో ఉంటుంది, ఎస్‌డీ-బస్‌లో మనమే ఆన్ చేయాలి.

కాటా_గుణుపూర్

\340 ఒంటరిగా కనబడింది! బఫర్ 64 చేశాను, రెండు ఊళ్లూ వెళ్తున్నాయి. పాలసీ, ఫ్లాగ్ రెండూ కావాల్సి వచ్చాయి, మహేంద్రగిరి గారు చెప్పినట్టే.

సీరియల్ పోర్టు కూడా చూడాలి కనుక పోల్ (రెండు చోట్లా ఏదైనా వచ్చేదాకా, లేదా ఇచ్చిన సమయం అయ్యేదాకా ఆగే పిలుపు) వాడుతున్నాను. గెట్_టైమవుట్ ఇచ్చిన విలువను 1000తో భాగించకుండా నేరుగా పోల్‌కు ఇస్తున్నాను. చీటీ ప్రోగ్రామ్ ఆగిపోతే నా పిలుపు 25 సెకన్లకు వదిలేయాలి కదా, ఎప్పటికీ వదలడం లేదు.

నాగావళి

భాగించినా సరిపోదు. గెట్_టైమవుట్ ఇచ్చేది "ఇంకా ఎంతసేపు" కాదు, "ఏ క్షణానికి". క్లాక్_మోనోటోనిక్ (బోర్డు లేచినప్పటి నుంచి ముందుకే నడిచే గడియారం) మీద ఒక గడియ, మైక్రోసెకన్లలో. పోల్‌కు కావాల్సింది ఇక్కడి నుంచి ఎంతసేపు, మిల్లీసెకన్లలో. బోర్డు లేచి పది నిమిషాలైతే ఆ విలువ 60 కోట్ల చుట్టూ ఉంటుంది. పోల్ దాన్ని మిల్లీసెకన్లనుకుని దాదాపు ఏడు రోజులు పడుకోబోతుంది. అప్‌టైమ్ 36 నిమిషాలు దాటేసరికి ఇంట్‌లో పట్టక రుణాత్మకమవుతుంది, పోల్‌కు అది "ఎంతసేపైనా ఆగు". రెండు విధాలా మీ 25 సెకన్లు ఎవరూ చూడరు.

సరైన మార్పిడి: విలువ యూఇంట్64_మ్యాక్స్ అయితే -1. ఇప్పటి మోనోటోనిక్ సమయం కన్నా తక్కువో సమానమో అయితే 0. లేదంటే తేడాకు 999 కలిపి 1000తో భాగించాలి. ఆ 999 లేకపోతే చివరి మిల్లీసెకను లోపు సున్నా వచ్చి లూప్ ఊరికే తిరుగుతుంది. గెట్_ఈవెంట్స్‌ను ప్రతి చుట్టులోనూ మళ్లీ అడగాలి, రాయాల్సినవి మిగిలితే పోల్అవుట్ కలుస్తుంది. వాచ్_బైండ్ పెట్టి ఉంటే ఎఫ్‌డీని (తెరిచిన ఫైల్ లేదా సాకెట్ నంబరును) కూడా మళ్లీ అడగాలి, సాకెట్ పుట్టేదాకా అది ఇనోటిఫై (ఫైళ్ల మార్పులు కనిపెట్టేది) ఎఫ్‌డీ. పోల్‌లోకి పోయేముందు ప్రాసెస్‌ను 0 ఇచ్చేదాకా పిలుస్తూనే ఉండండి, ఒక్కసారి పిలిచి వదలొద్దు.

25 సెకన్లు ఎక్కువనిపిస్తే సెట్_మెథడ్_కాల్_టైమవుట్‌కు 5000000 ఇవ్వండి. 5 అని ఇచ్చారంటే 5 మైక్రోసెకన్లు, అన్నీ వెంటనే -ఈటైమ్డ్‌అవుట్. 0 ఇస్తే పాత 25కే వెళ్తుంది.

కాటా_గుణుపూర్

సరిపోయింది. ఒక్క చిక్కు మిగిలింది. పాత లాగ్ తిరగేస్తే రాయగడకు కూడా రెండుసార్లు తెగింది. రెండుసార్లూ ఊరు ఒడియాలో కొట్టారు. అదే ఊరు ఒడియాలోనే కొట్టిన మిగతా లారీలు బాగానే వెళ్లాయి.

వంశధార

ఒడియాలో ఆ పేరు చివర 'డ' కింద చుక్క ఉంటుంది, ఆపైన దీర్ఘం. ఆ చుక్క డ-ను రెండు రకాలుగా రాయొచ్చు: యూ+0బీ5సీ అనే ఒకే కోడ్‌పాయింట్‌గా, లేదా డ, చుక్క విడివిడిగా. మొదటి రకంలో పేరు మొత్తం ఆరు కోడ్‌పాయింట్లు, 18 బైట్లు, మీ పాత బఫర్‌లో పట్టేది. రెండో రకంలో ఏడు, 21 బైట్లు, తెగేది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కీబోర్డును బట్టి మారుతుంది.

64 బైట్లలో రెండూ పడతాయి కాబట్టి బస్సుకు ఇక బాధ లేదు. కానీ మీ రోజువారీ పట్టీలో ఊరిని స్ట్రింగ్ కంపేర్‌తో కలుపుతుంటే అది రెండు రాయగడలుగా లెక్కిస్తుంది. గడిలోంచి తీసుకోగానే ఎన్‌ఎఫ్‌సీకి (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతికి) మార్చి అప్పుడు దాచండి. ఎన్‌ఎఫ్‌సీలో ఈ అక్షరం విడివిడి రూపంలోనే ఉంటుంది, అంటే 21 బైట్లదే. పాత రికార్డులు కూడా ఒకసారి అలాగే మార్చాలి, లేదంటే ఇప్పటిదాకా రాసినవి పక్కకు పడిపోతాయి.